క్రొత్త తీగ లాగకయే గానయంత్రమును మేల్కొలుపుట

మా తల్లికి తొలిచూలు బిడ్డ మా అక్కగారు, కడగొట్టువాడను నేను. ఆమెకిప్పుడు ఎనుబదిరెండేండ్లు, నాకు అరువదియేడు. ఆమెకు చూపు పోయి పదునొకండేండ్లయినది. వినికిడియు సగము తగ్గినది. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి పురాణము వినుట, సాయంకాలము సంగీతము వినుట, ఈ రెండే ఆమెకు మిగిలిన వ్యాపకములు. నేడు మీకు చెప్పబోవు విషయము ఆమె మూలమున నేను నేర్చుకొన్నది. నేను విద్యుచ్ఛాస్త్రము చదివినవాడను కాను; బడిలో తెలుగును, ఇంట కుదిరినప్పుడు తర్కమును చెప్పుకొని బ్రతికినవాడను. అయినను ఈ విషయమున ఆ తర్కమే నాకు అక్కరకు వచ్చినది.

ఆమె గదిలో చిన్న రేడియో పెట్టె యొకటి కలదు. అందులోనే పురాణములు నింపిన చిన్న బిళ్ల యొకటి పెట్టుకొను వీలున్నది. దాని మీట త్రిప్పుడు మీట, త్రిప్పగనే టక్కుమనును. ఆ టక్కు ఆమె వేళ్లకు తెలియును. కాని ఆ పెట్టె గొంతు ఆమె చెవికి చాలదు. అందుచేత నాలుగేండ్ల క్రిందట మా పెద్దవాడు నడిమింటి బీరువాపై ఆంప్లిఫయరును, అనగా ధ్వనిని పెంచు యంత్రమును, ఉంచి, దాని స్పీకరు నొకదానిని ఆమె మంచమువద్దకు చేర్చెను. రేడియోనుండి ఆంప్లిఫయరునకు ధ్వనిని మోయు సన్నని తీగ దూలము వెంబడి పోవును. అంతవరకు బాగుగనే యున్నది. చిక్కేమనగా, రేడియో మీట ఆమె చేతిలో నున్నది. ఆంప్లిఫయరు మీట బీరువాపై నున్నది. నాలుగు గంటలకు దానిని వేయుటకు ఎవరో యొకరు లేవవలెను. ఆమె ఎవరిని లేపదు. ఎవరికైన మెలకువ వచ్చువరకు చీకటిలో మంచముపై కూర్చుండును. ఆమెకు చీకటియు వెలుగును ఒక్కటే కావచ్చును గాని, కూర్చుండి యెదురుచూచుట యెదురుచూచుటయే గదా.

దీనికి మేము మొదట కనుగొన్న ఉపాయము సోమరుల ఉపాయము. ఆంప్లిఫయరును రాత్రింబవళ్లు ఆర్పకుండ వదలితిమి. ఒక వైశాఖమాసమున బీరువాపై చేయి వేయగా అట్లకాడ పెట్టిన పెనమువలె తగిలినది. వార్నీసు కమురు వాసన వచ్చినది. కరెంటు కొలుచు చిన్న యంత్రమును తెచ్చి చూడగా, పాట యేమియు లేనప్పుడే అది 32 వాట్లు త్రాగుచున్నది. ఇరువదినాలుగు గంటలకు లెక్కవేసిన దినమునకు ముప్పాతిక యూనిటుకు పైన, నెలకు 23 యూనిట్లు. వినువారు లేని నిశ్శబ్దమునకు మేము కట్టిన సుంకమది. డబ్బు మాట అటుంచుడు. ఇట్టి యంత్రములలో కెపాసిటర్లను చిన్న డబ్బాలుండును. వానిలో ద్రవము వేడికి ఆవిరియగును. పది డిగ్రీల వేడి హెచ్చినచో వాని ఆయువు సగమగునని ఆ పనివారి లెక్క. ఎల్లప్పుడు వెలుగు యంత్రము త్వరగా ముసలిదగుట అందువలననే.

పట్టణమునుండి వచ్చిన కరెంటు మేస్త్రీ, “ఏముందండీ పంతులుగారూ, అక్కగారి మంచం దగ్గర ఒక స్విచ్చి పెట్టి, అక్కణ్ణుంచి బీరువా దాకా వైరు లాగితే సరిపోతుంది” అనెను. చెప్పుటకు సరిపోవును. మా యిల్లు మట్టిగోడల యిల్లు. గోడ మందము రెండడుగులు. తొలిచినచో తొలిచినంత మేర రాలును. నేలపై లాగవలెనన్న గడప దాటవలెను. ఆరేండ్ల క్రిందట ఆ గడపయొద్దనే జారిపడి మా అక్కగారి తుంటి విరిగినది. కన్నులేని మనిషి నడచు త్రోవలో తీగ పరచుట నాకు ఇష్టము లేకపోయెను. కావున క్రొత్త తీగ యనునది లేకుండ, ఉన్న తీగలతోనే ఈ పని యగునా యని విచారింప మొదలిడితిని.

ఇక ప్రశ్న యేమి? ఒక గదిలో రేడియో వెలిగినదని వేరొక గదిలోని ఆంప్లిఫయరునకు తెలియవలెను. చెప్పువారు లేరు. కన్నులు లేవు. అయినను తెలియవలెను. మనలో తర్కసంగ్రహము చూచినవారికి ఇది క్రొత్త ప్రశ్న కాదు. ఆంధ్రుడైన అన్నంభట్టు రచించిన ఆ చిన్న గ్రంథమునుండియే మేమందరము అనుమానప్రమాణమును నేర్చితిమి. కొండపై నిప్పు మనకు కనబడదు, పొగ కనబడును. పొగయున్నచోట నిప్పుండునని వంటయింటిలో చూచి యున్నాము. కావున కొండపై నిప్పున్నదని తెలిసికొందుము. పొగ హేతువు, నిప్పు సాధ్యము, ఆ రెంటికిని గల విడువని సంబంధము వ్యాప్తి. మన యంత్రమునకు కావలసినది అట్టి పొగ యొకటి. దూలము వెంబడి వచ్చు ధ్వని తీగ యుండనే యున్నది గదా! రేడియో పలికినప్పుడు ఆ తీగలో సూక్ష్మమైన కరెంటు ఆడును, పలుకనప్పుడు ఆడదు. ఆ యాటయే పొగ. వార్త మోయు తీగయే వార్త వచ్చినదను వార్తను గూడ మోయును. వేరు తీగ యెందులకు?

ఈ మర్మముపై పనిచేయు పెట్టెలు లోకమున చాలకాలమునుండి యున్నవి. మంద్రస్వరములకై ప్రత్యేకముగా అమ్ము పెద్ద స్పీకర్లకు వెనుక “ఆటో” అను మీట యుండును, అందున్నది ఇదియే. దాని లోపలి పని చెప్పెదను. ధ్వని తీగలో మామూలుగ నుండు ఒత్తిడి వోల్టులో మూడవ వంతు మాత్రము. పెట్టెలోని చిన్న ట్రాన్సిస్టర్లు దానిలో కొంచెము రుచి చూచి, పెంచి, అటునిటు ఊగు దానిని ఒక్క దిక్కునకే ప్రవహించునట్లు చేసి, ఒక కెపాసిటరులో నింపును. అది నిండి ఒక గీతను దాటగనే రిలే యను విద్యుదయస్కాంతపు మీట టక్కున వ్రాలి, ఆంప్లిఫయరునకు పెద్ద కరెంటు నిచ్చును.

ఇక ఆర్పుట. పాట నిలిచిన క్షణముననే ఆర్పినచో కీర్తనకును కీర్తనకును నడుమ దీపము మిణుకుమిణుకు మనును. అందుచేత ఆ కెపాసిటరునకు సన్నని బెజ్జమువంటి దారి నొకదానిని పెట్టుదురు. పాట జరుగుచున్నంతసేపు కడవ నిండుచుండును. పాట ఆగినపిదప బెజ్జమునుండి కొంచెము కొంచెముగ కారిపోవును. గీతకు దిగువకు జారినప్పుడు రిలే విడిచిపెట్టును. పూర్వము కాలము కొలుచుటకు అడుగున చిల్లి గల గడియకుడుకను నీటిపై నుంచెడివారు; అది మునుగుటకు ఒక గడియ, అనగా 24 నిమిషములు పట్టునట్లు చిల్లిని చేయువారు. ఇచటను చిల్లి కొలతయే కాలపు కొలత. నూరు మైక్రోఫారడుల కెపాసిటరును, పది మెగోముల అడ్డును కలిపి గుణించినచో వేయి సెకనులు వచ్చును. అది పదియారు నిమిషములకు పైమాట. నేటి పెట్టెలలో పెక్కింట కడవకు బదులు లెక్కపెట్టు చిప్పు లుండును గాని, ఉద్దేశము మాత్రము అదియే.

పట్టణములో రేడియోలు బాగుచేయు నొక కుర్రవాడు ఇట్టి పెట్టెను నాకు చేసి యిచ్చెను. తెచ్చి తగిలించినాము. మొదటి దినమున పురాణపు గొంతు వినబడగనే బీరువాపై టక్కుమనుట, ఆంప్లిఫయరు వెలుగుట చూచి మా మనుమడు చప్పట్లు కొట్టెను. మా అక్కగారు ఏమియు అనలేదు. కాని మరునాడు నేను లేచునప్పటికి నడిమింట పురాణము సాగుచుండెను.

నాలుగవ దినము రాత్రి రెండు గంటలకు బీరువాపై టక్కుమన్నది. ఎవరును రేడియో వేయలేదు. స్పీకరులో గుమ్మను సన్నని రొద. అక్కగారు ఉలికిపడి, “ఒరే తమ్ముడూ, నడిమింట్లో ఎవరో ఉన్నారురా!” అని కేక వేసినది. తరువాత ఒక వారమంతయు అదియే తంతు. ఒక్కొక్కప్పుడు రాత్రియంతయు ఆరుటయే లేదు. మరియొకవైపు, పురాణము చెప్పువారు మెల్లగా చదువుచు నడుమ నిలిచినప్పుడు చటుక్కున ఆరిపోవుచుండెను. “కరెంటు పోయిందా?” అని ఆమె అడుగును. పోలేదని చెప్పుటకు సిగ్గయ్యెడిది. కోరినప్పుడు ఆరుట, కోరనప్పుడు వెలుగుట. ఇంతకన్న పాత పద్ధతియే మేలని ఇంటిలో అనుకొన మొదలిడిరి.

అప్పుడు తోచినది, మా గురువుగారు హేతువును మాత్రమే కాక హేత్వాభాసమును గూడ చెప్పియుండిరని. దూరమునుండి మంచును చూచి పొగయనుకొన్నవాడు నిప్పుకొరకు కొండ యెక్కి వట్టి చేతులతో దిగును. సాధ్యము లేనిచోటను కనబడు హేతువు సవ్యభిచారము. మన పెట్టె చేయుచున్నది అదియే. ఇది మా ఇంటికే పట్టిన పీడ కాదు. 1955లో అమెరికాలో జెనిత్ కంపెనీవారు దూరమునుండి వెలుగు చిమ్మి టెలివిజనును ఆడించు సాధనమును అమ్మిరి. ఎండ పడినప్పుడు అది సూర్యుని గూడ యజమానియే యనుకొనెడిది. మరుసటియేడు రాబర్ట్ ఆడ్లర్ అను శాస్త్రజ్ఞుడు, సన్నని అల్యూమినియపు కడ్డీలను కొట్టి మన చెవికందని ధ్వని పుట్టించు సాధనమును చేసెను. దానికి తాళపుచెవుల గుత్తి గలగలమన్నను యజమాని పిలుపువలె తోచెడిది. అంతటి వారికే తప్పనిది మా కుర్రవానికి తప్పునా?

కారణమును వెదకితిమి. మా ధ్వని తీగ దూలము వెంబడి పదునైదడుగులు పోవుచున్నది. దాని ప్రక్కనే, ఒకే మేకునకు కట్టి, దీపపు కరెంటు తీగ పోవుచున్నది. మన యిండ్ల కరెంటు సెకనునకు ఏబదిసార్లు ఊగును. ఆ ఊపు ప్రక్క తీగకు సోకును. గుమ్మను రొద అదియే. కుర్రవాడు కొలిచి చూడగా అది ఐదు మిల్లీవోల్టులు. మెల్లగా చదువు పురాణపు గొంతు మూడు మిల్లీవోల్టులు! పొగకన్న మంచే చిక్కగా నున్నప్పుడు ఏ తార్కికుడైన ఏమి చేయును? గీతను పైకి జరిపిన పురాణము ఆరిపోవును. క్రిందికి జరిపిన రొద వెలిగించును. మీట త్రిప్పుచు కూర్చుండిన లాభము లేదు. హేతువునే శుద్ధి చేయవలెను.

మూడు పనులు చేసితిమి. ధ్వని తీగను కరెంటు తీగనుండి జానెడు దూరము జరిపితిమి; రెండును దాటుకొనక తప్పనిచోట అడ్డముగా, కూడలివలె దాటించితిమి. ప్రక్కప్రక్కన పరుగెత్తిన సోకును గాని అడ్డముగా దాటిన అంతగా సోకదు. పాత తీగను తీసి, చుట్టును రాగిజాలి తొడుగు గల తీగను వేసితిమి. ఇది క్రొత్త తీగ కాదా యని అడుగుదురేమో. పాతదానిచోటనే వచ్చినది కనుక కాదనియే నా వాదము. రెండవ పని, పెట్టెలోనికి పోవు ద్వారమున చిన్న కెపాసిటరు నొకదానిని ఉంచుట. అది మంద్రమైన ఊపులను అడ్డి, హెచ్చు ఊపులను పోనిచ్చును. ఏబది ఊపుల రొద అచ్చటనే చిక్కుకొనును. మనుష్యుని మాటలో వేలకొలది ఊపుల వరకు ఉండును గాన అది దాటిపోవును. మూడవది అన్నిటికంటె సులువు, అన్నిటికంటె ఆలస్యముగా మాకు తోచినది. మా పెద్దవాడు ఆ తీగను రేడియోలో చెవిగొట్టములు పెట్టుకొను తొఱ్ఱనుండి తీసియుండెను. అచట ధ్వని మీట యెంత త్రిప్పిన అంతయే వచ్చును. వెనుకవైపున “లైన్” అని వ్రాసిన వేరొక తొఱ్ఱ యున్నది. దానినుండి మీటతో సంబంధము లేక ఎల్లప్పుడు నిండు ధ్వని వచ్చును. తీగను అందు పెట్టగనే మెల్లని చదువు గూడ ముప్పది మిల్లీవోల్టులకు పెరిగినది. రొద ఒకటికి దిగినది. ఆరు గడువును పదునైదు నిమిషములకు పెంచితిమి. ఆ దినమునుండి అర్ధరాత్రపు దొంగలు లేరు.

ఒక్క లోపము మాత్రము మిగిలినది. ఫ్రిజ్జు మోటారు లేచినప్పుడు వచ్చు క్షణికమైన చిటుకునకు పెట్టె మోసపోకుండుటకై, ధ్వని అరసెకను నిలిచిననే నమ్మునట్లు అమర్చినాము. ఆ పిమ్మట ఆంప్లిఫయరు మేల్కొనుటకు ఇంకొక సెకను. కావున మొదటి మాట మ్రింగబడును. పురాణమైనచో ఎటులను శ్లోకముతో ప్రారంభమగును గనుక మా అక్కగారికి అది కంఠస్థమే.

వేరు మార్గములు లేవా యన్నచో, ఉన్నవి. రేడియోయు ఆంప్లిఫయరును ఒకే బల్లపై నున్నవారికి, ప్రధానపు సాకెట్టు ఒకటి, అనుచర సాకెట్లు కొన్ని గల పట్టీ మేలు. ప్రధానములో పెట్టిన యంత్రము త్రాగు కరెంటును లోపలి తీగచుట్ట యొకటి కనిపెట్టి, అది హెచ్చగనే అనుచరములకు కరెంటు నిచ్చును. ఇచట పొగ ధ్వని కాదు, దాహము. పురాణికుడు ఎంతసేపు మౌనము వహించినను ఇది మోసపోదు. కాని ఐదారు వాట్లే త్రాగు చిన్న రేడియోను ఇట్టి పట్టీలలో కొన్ని గుర్తింపనే గుర్తింపవు. కొనునప్పుడు ఎన్ని వాట్లకు మేల్కొనునో అడుగవలెను. మరియు ఈ పట్టీకైనను, మా పెట్టెకైనను ఒక నియమము కలదు. ఆంప్లిఫయరు మీట వేసినచో వేసినట్లే యుండు పాతతరహా మీట కావలెను. నేటి యంత్రములు కొన్ని కరెంటు పోయి వచ్చినపుడు వెలుగక, కునుకుపాటుననే యుండి, రిమోటు నొక్కువరకు వేచియుండును. వానికి ఈ వైద్యము పనికిరాదు.

ఇంటి కరెంటు తీగలనే ఉత్తరము మోయించు పద్ధతియు నొకటి కలదు. స్కాట్లండులోని గ్లెన్‌రోథెస్ అను ఊర పికో ఎలక్ట్రానిక్స్ అనువారు 1975లో దీనిని ఎక్స్-10 అను పేర వెలయించిరి. కరెంటు ఊగులాటలో సున్నను దాటు క్షణమున, సెకనునకు లక్షయిరువదివేల ఊపుల చిన్న కూతను తీగలోనికి విడిచెదరు. ఇంటిలో ఏ సాకెట్టున పెట్టిన పెట్టెయైనను ఆ కూతను విని, తన పేరైనచో పలుకును. ఇంటిపేర్లు పదియారు, వ్యక్తిపేర్లు పదియారు. వెరసి 256 మందిని పిలువవచ్చును. ప్రక్కయింటి కూత మనయింట వినబడకుండుటకే ఆ యింటిపేరు. మూడు ఫేజులున్న యిండ్లలో ఒక ఫేజు మాట మరియొక ఫేజునకు సరిగ అందదు.

టెలివిజను గలవారికి పని మరింత తేలిక. 2002లో వచ్చిన హెచ్.డి.ఎమ్.ఐ. తీగలో పందొమ్మిది కొనలుండగా పదమూడవది ఈ కబుర్లకే కేటాయింపబడినది. టెలివిజను వెలిగిన ఆంప్లిఫయరు వెలుగును, ఆరిన ఆరును. ఒక్కొక్క కంపెనీ దానికి ఒక్కొక్క పేరు పెట్టినది గాని లోపల అంతయు ఒకటే. అమరికలలో దానిని తెరచి యుంచవలెను. గాలిలో మాటలాడు వైఫై ప్లగ్గులున్నవి. వానికి చేతిలో ఫోను కావలెను. నున్నని అద్దముపై వ్రేలు పెట్టి చూపులేని మనిషి ఏమి తడవును? వానిగూర్చి నేను విచారింపలేదు.

ఎవ్వరును వినని యంత్రము కరెంటు త్రాగరాదని దేశములు గూడ తలపెట్టినవి. కునుకుపాటున నున్న ఏ యంత్రమైనను ఒక వాటుకు మించి త్రాగరాదని అంతర్జాతీయ ఇంధన సంస్థ 1999లో సూచించినది. ఐరోపా సమాజమువారు 2008లో శాసనము చేసి, 2010 నుండి ఒక వాటు, 2013 నుండి అరవాటు హద్దు పెట్టిరి. పని లేనప్పుడు యంత్రము తానుగా కునుకునకు పోవలెననియు విధించిరి. మా పెట్టె రోజంతయు మేలుకొనుటకు ఒక వాటు త్రాగును. అక్కగారు దినమునకు నాలుగు గంటలు వినును. మొత్తము నెలకు నాలుగున్నర యూనిట్లు తేలినవి, మునుపు 23.

దీనిని చేయించుకొనదలచినవారికి రెండు మాటలు. కుర్రవానిచే చేయించినను, అంగడిలో కొన్నను, రిలే పెద్ద కరెంటులో ఫేజు తీగనే తెంచవలెను. న్యూట్రలును తెంచినచో ఆరినట్లే కనబడుచు లోపల కరెంటు నిలిచియుండును, తాకినవాని ప్రాణము తీయును. ఆంప్లిఫయరులోని బరువైన ఇనుపగుండు వెలుగు తొలిక్షణమున మామూలుకన్న ఎన్నోరెట్లు కరెంటును లాగును. కావున రిలే పది ఆంపియరులకు తక్కువ పనికిరాదు, ప్రక్కనే ఫ్యూజు నుండవలెను. మూత తెరచి చూచు కుతూహలము మనవంటివారికి వలదు.

మరియొకటి. రిలే ఆర్పినంత మాత్రమున యంత్రము కరెంటునుండి వేరైనట్లు కాదు. వ్రేలిమందము లేని ఆ సందును పిడుగు అవలీలగా దుముకును. మా ఊర వేసవి చివరను, తొలకరికిని ఉరుములు హెచ్చు. అక్కగారి చెవికి మనుష్యుల మాటలు తగ్గినవి గాని, దూరపు ఉరుము మాత్రము అందరికంటె ముందు ఆమెకే తెలియును. “తమ్ముడూ, పడమట ఉరిమింది, పైన ప్లగ్గు తీసెయ్యి” అని పిలుచును. ఆ పిలుపునకు మాత్రము నేనే లేచి ముక్కాలిపీట వేసికొని బీరువా యెక్కుచున్నాను.